నాలా పక్కన ఎకరం పావు: బస్తీలో పార్కు వేసే ముందు నీళ్ళు, నీడ, మనుషులు

హైదరాబాద్ ఉత్తర శివారులో, పారిశ్రామికవాడను ఆనుకొని ఉన్న మీ బస్తీలో లేఅవుట్ కింద వదిలిన ఎకరం పావు ఖాళీ స్థలం ఉందని, దానికి ఒకవైపు నాలా, మరోవైపు ఇరవై అడుగుల రోడ్డు ఉన్నాయని, ఏళ్ళ తరబడి అక్కడ కూల్చిన ఇళ్ళ శిథిలాలు, చెత్త పోస్తున్నారని రాశారు. ఇప్పుడు పార్కుకు నిధులు వచ్చే అవకాశం ఉండటంతో ఒక కాంట్రాక్టరు ప్లాను గీసి ఇచ్చాడని, అందులో చుట్టూ ఏడడుగుల గోడ, మధ్యలో ఫౌంటెన్, అరవై శాతం లాన్, గోడ వెంట కోనోకార్పస్ చెట్ల వరుస, ఒక మూల ఓపెన్ జిమ్ ఉన్నాయని చెప్పి, ఇది అందంగానూ, పర్యావరణానికి మేలు చేసేదిగానూ ఉంటుందా అని అడిగారు. పురపాలక ఉద్యానవనాల రూపకల్పన, నిర్వహణ పనుల్లో చాలాకాలం ఉన్నవాడిగా నా అభిప్రాయం చెబుతాను. ఆ ప్లాను ప్రారంభోత్సవం నాటి ఫోటోకు బాగుంటుంది, రెండో వేసవికి నిలవదు. వాన నీరు ఎటు పోతుంది, మధ్యాహ్నం నీడ ఎక్కడ పడుతుంది, జనం ఇప్పటికే ఎటు నడుస్తున్నారు అనే మూడు విషయాలు తేలకుండా గీసిన ఏ ప్లాను గతీ ఇంతే.

ముందు లాన్ సంగతి చూద్దాం. మీ స్థలం సుమారు ఐదు వేల చదరపు మీటర్లు. అందులో అరవై శాతం అంటే మూడు వేల చదరపు మీటర్ల పచ్చిక. మన ఎండల్లో లాన్ పచ్చగా ఉండాలంటే చదరపు మీటరుకు రోజుకు ఐదు లీటర్ల దాకా నీరు పట్టాలి. అంటే ఏప్రిల్, మే నెలల్లో రోజుకు పదిహేను వేల లీటర్లు, మూడు ట్యాంకర్లు. బిందె నీళ్ళ కోసం ఆడవాళ్ళు వరుసలో నిలబడే బస్తీలో, వాళ్ళ కళ్ళ ముందే పార్కు గడ్డికి ట్యాంకర్లు తోలితే ఆ పార్కును ఎవరూ తమదనుకోరు. నీళ్ళు ఆపిన నెలకే గడ్డి ఎండి, దుమ్ము లేచే మైదానం మిగులుతుంది.

అదే స్థలం మీద ఏటా కురిసే వానను లెక్కవేయండి. హైదరాబాద్‌లో సగటున ఏడాదికి ఎనిమిది వందల మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు కాబట్టి, ఈ ఎకరం పావు మీద ఏడాదికి నలభై లక్షల లీటర్లు కురుస్తాయి. ఇప్పుడు అందులో అధిక భాగం గట్టిపడిన శిథిలాల మీదుగా జారి నాలాలో కలుస్తోంది. 2020 అక్టోబరు వరదల్లో నగరం చూసిన నష్టానికి ఇలా నేలలోకి ఇంకడానికి దారిలేక ఒక్కసారిగా నాలాల మీద పడిన నీరు కూడా ఒక కారణం. స్థలంలో పల్లంగా ఉన్న వైపు మూడు వందల చదరపు మీటర్ల మేర అడుగు లోతున మట్టి తీస్తే, ఒక్క గట్టి వానకు తొంభై వేల లీటర్ల వరకు అందులో నిలిచి నేలలోకి దిగుతుంది. తీసిన మట్టిని అక్కడే గుట్టలుగా పోస్తే పిల్లలకు ఆడుకునే ఎత్తుపల్లాలు వస్తాయి, లారీల మీద మట్టి తోలే ఖర్చు కూడా తప్పుతుంది.

నీరు ఇంకుతుందో లేదో ఊహించవద్దు. అడుగు వెడల్పు, రెండడుగుల లోతు గల గుంతలు మూడు నాలుగు చోట్ల తవ్వించి, నీళ్ళు నింపి పూర్తిగా ఇంకనివ్వండి. రెండోసారి నింపినప్పుడు స్కేలు నిలబెట్టి గంటకు ఎంత దిగిందో చూడండి. గంటకు అర అంగుళం దిగినా అడుగు లోతు నీరు ఒక రోజులో ఇంకిపోతుంది. అంతకన్నా నెమ్మదిగా దిగితే కింద బండగానీ, జిగట మట్టిగానీ, సిమెంటు ముద్దలుగానీ ఉన్నట్టే. అప్పుడు పల్లం లోతు తగ్గించి వెడల్పు పెంచాలి, మిగిలిన నీరు నాలాలోకి పొర్లడానికి ఒక తూము ఉంచాలి. ఈ పరీక్ష ఎందుకింత ముఖ్యమంటే, బస్తీలో ఎవరైనా మొదట అడిగేది దోమల గురించే, అది న్యాయమైన భయం కూడా. దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా మన వాతావరణంలో వారం నుంచి పది రోజులు పడుతుంది. రెండు రోజుల్లో ఇంకే నీటిలో దోమ పెరగదు. ఫౌంటెన్ మోటారు కాలిపోయాక ఆ తొట్టిలో నెలల తరబడి నిలిచే నీటిలో మాత్రం నిక్షేపంగా పెరుగుతుంది.

ఆ పల్లంలోకి రోడ్డు మీది వాన నీటిని కూడా మళ్ళించవచ్చు. రోడ్డు అంచున ఉండే కర్బు రాయిని ఒకటిన్నర అడుగు మేర తెరిచి, తెరిచిన చోటే లోపల రెండడుగుల చదరపు గుంత కట్టి పైన ఇనుప జాలీ వేయాలి. తొలకరి వానకు రోడ్డు మీది గుట్కా కవర్లు, ఇసుక, చెప్పుల ముక్కలు, కొబ్బరి పీచు అన్నీ ఆ జాలీ దగ్గర ఆగుతాయి, నీరు మాత్రం లోపలికి పోతుంది. మృగశిర కార్తెకు ముందొకసారి, తర్వాత ప్రతి పెద్ద వాన తర్వాత ఒకసారి ఆ గుంతలో పారతో ఎత్తిపోసే మనిషి ఎవరో ముందే రాసుకోవాలి. ఆ పని ఎవరిదో తేలకపోతే ఈ ఏర్పాటు జోలికి వెళ్ళవద్దు, పార్కులో కురిసే నీటితోనే సరిపెట్టుకోండి. నాలా నీటిని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ లోపలికి రానివ్వకూడదు. పార్కు నుంచి మిగులు నీరు నాలాకు పోవాలి గానీ అటు నుంచి ఇటు రాకూడదు, ఎందుకంటే పారిశ్రామికవాడ పక్క నాలాలో మురుగుతోపాటు ఇంకేం కలుస్తాయో చెప్పలేం.

ఈ సందర్భంలోనే మట్టి గురించి రెండు మాటలు. వ్యవసాయ శాఖ భూసార పరీక్షల్లో ప్రధానంగా పోషకాల వివరాలే వస్తాయి, సీసం, క్రోమియం, కాడ్మియం వంటి లోహాల కోసం విడిగా అడిగి పరీక్ష చేయించాలి. ఆ ఫలితం వచ్చేవరకు ఆకుకూరల మడులు, పెరటి తోటల ఆలోచన పక్కన పెట్టండి. తప్పనిసరిగా కావాలనుకుంటే బయటి మట్టితో ఎత్తుగా కట్టిన మడుల్లోనే పెంచాలి. శిథిలాలన్నింటినీ తీసి పారేయనక్కర లేదు. శుభ్రమైన కాంక్రీటు పెచ్చులు, ఇటుక ముక్కలు గుట్టల అడుగు భాగానికి, బాటల కింద పరుపుకు పనికొస్తాయి. ఆస్బెస్టాస్ రేకుల ముక్కలు, రంగు డబ్బాలు, గాజు మాత్రం వేరు చేసి పంపేయాలి. మిగిలిన వాటిని జీడిమెట్ల, ఫతుల్లగూడల్లోని శిథిలాల పునర్వినియోగ కేంద్రాలకు తోలవచ్చు. అక్కడ తయారయ్యే పేవర్ బ్లాకులు బాటలకు వాడుకోవచ్చు కూడా.

కాగితాల విషయం క్లుప్తంగా చెబుతాను. లేఅవుట్‌లో ఖాళీగా వదిలిన స్థలం పురపాలక సంస్థ పేరిట గిఫ్ట్ డీడ్‌గా నమోదై ఉందో లేదో తెలుసుకొని, సర్వే చేయించి హద్దు రాళ్ళు వేయించండి. నాలా వెడల్పు పది మీటర్ల లోపైతే రెండు మీటర్లు, దాటితే తొమ్మిది మీటర్లు వదలాలని 2012 నాటి జీవో 168 చెబుతోంది. ఆ వదిలిన మేరలో గది, గోడ కట్టకూడదు, చెట్లకు అభ్యంతరం లేదు. ముందు చెప్పిన వాన నీటి పల్లాన్ని కూడా అటువైపే పెట్టుకుంటే ఒక దెబ్బకు రెండు పిట్టలు.

ఇక నీడ. బస్తీ పార్కులో అందం గురించి అడిగితే నేను మొదట చూపేది పడమటి హద్దును. మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం ఐదు వరకు ఎండ అటు నుంచే కొడుతుంది, రేకుల ఇళ్ళలో ఉండలేక జనం బయటికొచ్చే వేళ కూడా అదే. అటువైపు వేప, కానుగ, నేరేడు, చింత వంటి చిక్కటి నీడ చెట్లు రెండు వరుసల్లో, ఎదురెదురుగా కాకుండా తప్పించి తప్పించి నాటించండి. రావి, మర్రి, మేడి చెట్లలో ఒక్కటైనా ఉండాలి. అయితే గోడలకు, పైపులైన్లకు కనీసం పది మీటర్ల దూరంలో, గుట్ట మీద గానీ మైదానం అంచున గానీ పెట్టాలి. వాటి పళ్ళకు పక్షులు బాగా వస్తాయి. నాలా వైపు తడి తట్టుకునే తెల్లమద్ది, కానుగ వేసి, పల్లంలో వట్టివేరు, తుంగ పెంచండి. వట్టివేరు వేళ్ళు లోతుగా దిగి ఒడ్డు కోసుకుపోకుండా పట్టి ఉంచుతాయి.

పూల విషయంలో నర్సరీ వాళ్ళు లారీలో ఎక్కించిందల్లా నాటవద్దు. దక్కను నేల తనకు తానే ఒక పూల పంచాంగం రాసుకుంది. మాఘ, ఫాల్గుణాల్లో మోదుగ, బూరుగ ఎర్రగా విచ్చుకుంటాయి. చైత్రంలో కానుగ కొత్త చిగురు, ఆ వెంటనే వేప పూత. వైశాఖంలో అన్నీ మాడిపోయినప్పుడు రేల చెట్టు పసుపు గుత్తులు దించుతుంది. వానలు తగ్గే వేళకు తంగేడు, గునుగు, పారిజాతం వస్తాయి. ఇలా నెల నెలకూ ఏదో ఒకటి పూసేలా ఎంచుకుంటే ఫౌంటెన్ లోటు ఎవరికీ తెలియదు. మోదుగ పెరగడం నెమ్మది, వేరు కదిలిస్తే ఓర్చుకోదు కాబట్టి చిన్న మొక్కగానే నాటాలి. రేల, తంగేడు ఆకుల మీద లేతపసుపు సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. కరివేపాకు, నిమ్మ చెట్ల మీద పెరిగే గొంగళిపురుగులు వేరు, జిల్లేడు మీదివి వేరు. పురుగు పట్టిందని మందు కొట్టే తోటమాలికి ఇవన్నీ సీతాకోకచిలుకలయ్యేవేనని ముందే చెప్పి ఉంచాలి. గన్నేరు, పచ్చగన్నేరు అందంగానే ఉంటాయి గానీ విషం, పిల్లలు ఆడే చోట వద్దు.

కోనోకార్పస్ గురించి మీరే అనుమానం వ్యక్తం చేశారు. అది వేగంగా, పచ్చగా పెరుగుతుంది, కాంట్రాక్టర్లు దానిని ఇష్టపడేది అందుకే. కానీ దాని వేళ్ళు నీటి పైపుల్లోకి, డ్రైనేజీల్లోకి చొరబడతాయన్న ఫిర్యాదులున్నాయి, పుప్పొడి వల్ల శ్వాస సమస్యలన్న ఆందోళన ఉంది, మన పక్షులకు దానివల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. తెలంగాణ ప్రభుత్వం కూడా దానిని నాటవద్దని సూచించింది. గుల్‌మొహర్, పచ్చతురాయి కూడా ఎక్కువ వద్దు. వాటి కొమ్మలు పెళుసు, వేళ్ళు పైపైనే ఉంటాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖపట్నం రోడ్ల మీద కూలి పడి ఉన్న చెట్లను చూసినవారికి ఇది వివరించనక్కర లేదు.

మీ స్థలం మధ్యలో నాలుగైదు పెద్ద బండలున్నాయని, వాటిని పగలగొట్టించడానికి కూడా అంచనా వేశారని రాశారు. దయచేసి ఆ పని ఆపించండి. హైదరాబాద్ గ్రానైటు వయసు సుమారు రెండు వందల యాభై కోట్ల సంవత్సరాలు, మీ పార్కులో డబ్బు పెట్టి కొనలేని శిల్పం అదొక్కటే. బండ పైన చిన్న తొర్రల్లో వాన నీరు నిలిచి పిచ్చుకలు దిగుతాయి. పిల్లలు ఎలాగూ దాని మీదే జారుతారు, కాబట్టి జారే వైపు కింద అడుగు మందాన ఇసుక పోయించండి. పక్కన ఒక రేల చెట్టు, చుట్టూ తాండూరు బండలతో రెండు మెట్లు అమరిస్తే ఆ మూల పార్కు మొత్తానికీ ముఖం అవుతుంది. రెడీమేడ్ జారుడుబల్ల పెట్టాలంటే దాని ముఖం ఉత్తరానికి ఉండాలి. పడమటికి తిప్పి బిగించిన ఇనుప బల్ల మీద మే నెలలో పిల్లవాడు కూర్చోలేడు. రంగు రంగుల రబ్బరు పలకల నేల కూడా ఎండకు అంతే కాలుతుంది.

లాన్ బదులు ఏం వేయాలన్నది సహజంగా వచ్చే ప్రశ్న. బోనాలు, బతుకమ్మ, పీర్ల పండుగ, పెళ్ళి టెంట్లు, సాయంత్రం క్రికెట్, ఇవన్నీ మీ బస్తీలో ఇప్పుడు రోడ్డు మీదే జరుగుతున్నాయి. వీటన్నింటికీ పనికొచ్చేది మొరం వేసి రోలరుతో తొక్కించి, నూటికి రెండు వంతుల వాలు ఇచ్చిన గట్టి నేల. దానిని గుండ్రంగా చేసి, అంచున ఒకటిన్నర అడుగు ఎత్తు రాతి అరుగు కట్టిస్తే బతుకమ్మ ఆడేవాళ్ళకు వలయం దొరుకుతుంది, చూసేవాళ్ళకు కూర్చునే చోటు దొరుకుతుంది, బెంచీల ఖర్చు సగం తగ్గుతుంది. పచ్చిక కావాలనిపించిన చోట మన గరికే చాలు. అది ఎండకు వాడినా వానకు తిరిగి లేస్తుంది. చెట్ల కింద గడ్డి కోసం పాకులాడకుండా రాలిన ఆకునే పరుపుగా ఉండనివ్వండి. ఆకులు ఊడ్చి కాల్చే అలవాటు మాన్పించడం కష్టమే, కానీ నేలలో తేమ నిలవాలంటే అంతకన్నా చవకైన మార్గం లేదు.

మనుషుల దగ్గరికి వస్తే, ఆదివారం ఉదయం కమ్యూనిటీ హాలులో మీటింగు పెట్టి అభిప్రాయాలు తీసుకున్నామనడం సరిపోదు. అక్కడికి వచ్చేది నాయకులు, వారి వెంట ఉండేవారు. నల్లా వచ్చే వేళ ఆడవాళ్ళ దగ్గర, తెల్లవారుజామున కూలి అడ్డా దగ్గర, బడి వదిలాక పిల్లల దగ్గర విడివిడిగా అడగాలి. ప్లాను కాగితం చూసి అర్థం చేసుకోవడం చాలామందికి అలవాటు లేదు, కాబట్టి స్థలం చదును చేశాక బాటలు, మైదానం, గేట్లు, మరుగుదొడ్డి ఎక్కడెక్కడ వస్తాయో నేల మీదే సున్నంతో అసలు కొలతల్లో గీయించి, వారం పాటు జనాన్ని వాటి మీద నడవనివ్వండి. గీసిన బాట వదిలి అడ్డంగా తొక్కిన దారి ఎక్కడ పడిందో అక్కడే అసలు బాట వేయాలి. తర్వాత ఎన్ని ముళ్ళ కంచెలు పెట్టినా ఆ దారిని ఎవరూ ఆపలేరు.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. వియన్నా నగరంలో 1990లలో పార్కులను గమనించినప్పుడు తొమ్మిదేళ్ళు దాటిన ఆడపిల్లలు పార్కులకు రావడం బాగా తగ్గిపోతున్నట్టు తేలింది. ఒకే పెద్ద ఆటస్థలం ఉన్న చోట మగపిల్లలు దానిని ఆక్రమిస్తే వీళ్ళు తప్పుకుంటున్నారు. 1999లో అక్కడ రెండు పార్కులను మార్చి, మైదానాన్ని చిన్న భాగాలుగా విడదీసి, వేరే ఆటలకు, కూర్చోవడానికి చోటు ఇస్తే ఆడపిల్లలు మళ్ళీ రావడం మొదలైంది. మన బస్తీల్లోనూ క్రికెట్ ఉన్న చోట మరొకరు నిలవలేరు. అందుకే క్రికెట్‌కు ఒక మూల కేటాయించి, మైదానానికి ఇంకోవైపు ఖోఖో, షటిల్‌కు స్థలం, దాని పక్కనే తల్లులు కూర్చునే అరుగు పెట్టండి. మరుగుదొడ్డి తలుపు బాట వైపు కనబడాలి, నీళ్ళు, లోపలి గడియ ఉండాలి. పొదలు మూడడుగులు దాటకుండా, చెట్ల కొమ్మలు ఏడెనిమిది అడుగుల పైకి ఉండేలా కత్తిరిస్తే ఈ చివర నుంచి ఆ చివరకు మనిషి కనబడతాడు. ఏడడుగుల గోడ వద్దనడానికి కారణం కూడా ఇదే. లోపల ఏం జరుగుతోందో రోడ్డుకు కనబడని పార్కు చీకటి పడగానే తాగుబోతులదవుతుంది. రెండడుగుల గోడ, దాని మీద గ్రిల్, రెండు వైపులా గేట్లు చాలు. మోటారు సైకిళ్ళు రాకుండా నిలబెట్టే స్తంభాల మధ్య చక్రాల కుర్చీ పట్టేంత సందు, అంటే కనీసం తొమ్మిది వందల మిల్లీమీటర్లు వదలండి. దీపాలు ఎత్తైన హైమాస్ట్‌గా కాక, పది పన్నెండడుగుల స్తంభాలకు, పసుపు వెలుగు ఇచ్చేవి, బాట మీదికి మాత్రమే పడేలా పెట్టాలి. చెట్లలోకి కొట్టే తెల్లని వెలుతురు పక్షులకు రాత్రిని దూరం చేస్తుంది.

నాలా ఒడ్డున పదిహేను గుడిసెలున్నాయని మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. పార్కు పేరుతో తమను ఖాళీ చేయిస్తారన్న భయం ఆ కుటుంబాలకు ఉంటుంది, అది నిరాధారమైనది కాదు. వారి సంగతి ఏం చేస్తారో రాతపూర్వకంగా తేలాకే జేసీబీ దింపండి. తోటమాలి, కాపలా, మరుగుదొడ్డి నిర్వహణ ఉద్యోగాలు వారిలోనే ఇవ్వగలిగితే ఇంకా మంచిది. చెత్త విషయంలో, స్వచ్ఛ ఆటో ఆ వీధికి పొద్దున ఎన్నింటికి వస్తోందో చూడండి. పనికి పోయేవాళ్ళు ఇల్లు వదిలాక వస్తుంటే చెత్త ఖాళీ స్థలంలోకే వస్తుంది, అక్కడ బోర్డు పెట్టినా, కెమెరా పెట్టినా ప్రయోజనం తక్కువ. ఆటో వేళ మార్పించడమే దారి.

డబ్బు గురించి నా సలహా ఒకటే. వచ్చిన నిధిలో నాలుగో వంతు మూడేళ్ళ నిర్వహణకు ముందే పక్కన పెట్టించండి. మొక్క నాటిన తర్వాత రెండు వేసవులు దాటాలి. మొదటి ఏడాది మూడు నాలుగు రోజులకొకసారి చెట్టుకు ఇరవై లీటర్లు నెమ్మదిగా వేరు దాకా దిగేలా పోయాలి గానీ రోజూ పైపైన తడపకూడదు. తెలంగాణ పురపాలక చట్టం 2019లోనూ, మరుసటి ఏడాది చేసిన జీహెచ్‌ఎంసీ చట్ట సవరణలోనూ బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలని, నాటిన మొక్కల్లో ఎనభై ఐదు శాతం బతకాలని ఉంది. దరఖాస్తులో ఆ నిబంధనను ఉటంకిస్తే నిర్వహణ ఖర్చు అడగడానికి మీకు చట్టపరమైన ఆధారం ఉంటుంది. రోజువారీ పనిని మహిళా స్వయం సహాయక సంఘానికి నెలవారీ ఒప్పందం మీద అప్పగించే పద్ధతి కోసం కూడా అడగండి.

పని వరుస ఇలా పెట్టుకోవచ్చు. ఎండాకాలంలో శిథిలాల తొలగింపు, ఇంకుడు పరీక్ష, పల్లం, గుట్టలు, చెట్ల గుంతలు పూర్తి చేయాలి. జూన్ చివర రెండు మంచి వానలు పడ్డాక చెట్లు నాటి, ఆ ఏడాది వాన నీరు నిజంగా ఎటు పోయిందో చూసి, అక్టోబరు తర్వాతే బాటలు, అరుగులు, దీపాలు వేయాలి. కాంట్రాక్టరు దీనికి విరుద్ధంగా, ముందు బాటలు, గోడలు వేసి చివర మొక్కలు నాటుతానంటాడు, ఎందుకంటే బిల్లు బాటలకే ఎక్కువ వస్తుంది.

చివరగా మీరడిగిన ఓపెన్ జిమ్. పెట్టవచ్చు, కానీ ఎండలో కాదు, పడమటి చెట్ల వరుస కింద, మరుగుదొడ్డి వైపు వెళ్ళే బాట పక్కన. పది రకాల యంత్రాలు వద్దు, నాలుగు చాలు. బేరింగులు పోయినప్పుడు మార్చే బాధ్యత సరఫరాదారుపై మూడేళ్ళు ఉండేలా ఆర్డరులోనే రాయించండి.